ఫ్రీవీల్ తీసేసిన సైకిల్

సైకిల్‌కు స్టాండు వేసి పెడల్‌ను వెనక్కి తిప్పితే వెనక చక్రం మధ్యనుంచి టిక్కుటిక్కుమని చప్పుడు వస్తుంది. పెడల్ తిరుగుతుంది, చక్రం కదలదు. ఆ చప్పుడు ఫ్రీవీల్‌ది. దాని లోపల ఏటవాలు పళ్ళ వరస ఒకటి, ఆ పళ్ళ మీద స్ప్రింగు బలంతో ఒత్తుకుని ఉండే చిన్న ఇనుప నాలుకలు ఉంటాయి. ముందుకు తొక్కినప్పుడు నాలుక పన్నుకు తగులుకుని చక్రాన్ని లాక్కుపోతుంది. తొక్కడం ఆపితే పన్ను మీదనుంచి జారిపోతుంది. చక్రం తన దారిన తాను తిరుగుతుంది, కాళ్ళకు విశ్రాంతి. సూళ్ళూరుపేటలో బయలుదేరి పులికాట్ సరస్సు మధ్యగా శ్రీహరికోట వైపు సాగే రోడ్డు పదిహేడు పద్దెనిమిది కిలోమీటర్లు ఉంటుంది. ఎత్తుపల్లాలు దాదాపు లేవు, ఎదురుగాలికి మాత్రం కొదవ లేదు. గాలి తెరిపి ఇచ్చినప్పుడల్లా సైకిల్ మీద వెళ్ళే మనిషి తొక్కడం మాని నాలుగు గజాలు అలా దొర్లిపోగలుగుతున్నాడంటే ఆ నాలుకల చలవే.

ఆ సుఖాన్ని పనిగట్టుకుని వదులుకున్నవాళ్ళున్నారు.

ఫ్రీవీల్ విప్పేసి పళ్ళచక్రాన్ని నేరుగా వెనక హబ్‌కు బిగిస్తే అది ఫిక్స్‌డ్ గేర్ సైకిల్. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరగాల్సిందే. పల్లంలో కాళ్ళు ఆపుదామంటే పెడళ్ళు ఆపనివ్వవు, పిక్కల మీద కొడతాయి. వేగం తగ్గించాలంటే కాళ్ళతోనే వెనక్కి బిగబట్టాలి. వెనక్కి తొక్కితే సైకిల్ నిజంగానే వెనక్కి నడుస్తుంది. ఈ సైకిల్ మీద నిలబడి ఆగడం, చక్రాన్ని బిగబట్టి జారడం, వెనక్కి గుండ్రంగా తిరగడం, ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్‌ను ఒక చుట్టు తిప్పి మళ్ళీ పట్టుకోవడం, మెట్ల మీదనుంచి దూకడం: వీటన్నిటినీ కలిపి ఫిక్స్‌డ్ గేర్ ఫ్రీస్టైల్ అంటారు.

నిజానికి మొదట్లో సైకిళ్ళన్నీ ఇలాంటివే. 1885లో జాన్ కెంప్ స్టార్లీ ఇంగ్లండులో తయారుచేసిన రోవర్ సైకిలే నేటి సైకిళ్ళకు మూలరూపం. దానికీ ఫ్రీవీల్ లేదు. 1900 దరిదాపుల్లో ఫ్రీవీల్ వాడుకలోకి వచ్చాక మామూలు జనం పాత పద్ధతిని సంతోషంగా మరిచిపోయారు. ఏటవాలు గుండ్రటి బాటల మీద పందేలు తొక్కేవాళ్ళు మాత్రం మరవలేదు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో ఉన్న వెలోడ్రోమ్‌లాంటి బాటల మీద ఈనాటికీ తిరిగేవి బ్రేకులూ ఫ్రీవీలూ లేని సైకిళ్ళే. ఇంకో శాఖ యూరప్‌లో బతికింది. 1888లో నిక్ కాఫ్‌మన్ అనే అమెరికన్ తొలి అనధికార ప్రపంచ విజేతగా నిలిచిన కళాత్మక సైక్లింగ్ అది. చెక్కనేల మీద, హ్యాండిల్ పైన కూర్చుని వెనక్కి తొక్కడం, వెనక చక్రం ఒక్కదాని మీదే తిరగడం అందులో మామూలు అంశాలు. మూడో శాఖ వీధి నుంచి వచ్చింది. అమెరికా నగరాల్లో ఉత్తరాలూ కాగితాలూ చేరవేసే సైకిల్ కుర్రాళ్ళు పందెపు సైకిళ్ళనే రోడ్డుకెక్కించారు. విరిగే భాగాలు తక్కువ, మరమ్మతు ఖర్చు తక్కువ. సిగ్నళ్ళ దగ్గర కాలు కిందపెట్టకుండా నిలబడటంతో మొదలై, సరదా విద్యగా మారింది. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చిన 'మాష్' అనే చిత్రం ఆ విద్యను మిగతా దేశాలకు చూపించింది. తర్వాత కొద్ది ఏళ్ళలోనే దూకుళ్ళకు తట్టుకునే బరువైన ఫ్రేములు, లావు టైర్లు దీనికోసం ప్రత్యేకంగా తయారయ్యాయి.

మన పల్లెల్లోనూ సైకిల్ విద్య ఉండేది. ఊరి మధ్య ఖాళీ జాగాలో కర్రలు పాతి, మైకు కట్టి, రోజుల తరబడి సైకిల్ దిగకుండా గుండ్రంగా తిరిగే కళాకారుణ్ణి చూడని పాతతరం వాళ్ళు తక్కువ. సైకిల్ మీదే స్నానం, సైకిల్ మీదే భోజనం. ఆ సైకిల్ మామూలు అద్దె సైకిలే, ఫ్రీవీల్ ఉన్నదే. సర్కస్‌లో ఒంటిచక్రం తొక్కే మనిషిది మాత్రం అచ్చంగా ఫిక్స్‌డ్ గేర్. పెడళ్ళు నేరుగా ఇరుసుకే ఉంటాయి. ఫ్రీవీల్ పెడితే ఒంటిచక్రం మీద నిలబడటం కష్టం. ఎందుకు కష్టమో తెలిస్తే ఈ ఆట మొత్తం తెలిసినట్టే. పులికాట్ అవతలి ఒడ్డున, శ్రీహరికోట అంతరిక్ష కేంద్రంలో జరిగే పని గురించీ కొంత తెలుస్తుంది.

నిలబడటం దగ్గరే మొదలుపెడదాం. ట్రాక్ స్టాండ్ అంటే కాలు నేలకు ఆనించకుండా సైకిల్ మీద ఉన్నచోటే నిలవడం. చూసేవాడికి రౌతు కదలనట్టే కనిపిస్తుంది. దగ్గరికి వెళ్ళి చూస్తే ముందు చక్రం పక్కకు, సుమారు 45 డిగ్రీలు తిరిగి ఉంటుంది. పెడళ్ళు రెండూ నేలకు సమాంతరంగా ఉంటాయి. సైకిల్ అంగుళం ముందుకు, అంగుళం వెనక్కి ఊగుతూ ఉంటుంది. హ్యాండిల్ ఎడమకు తిప్పి ఉందనుకుందాం. శరీరం ఎడమకు ఒరిగింది. రౌతు కొద్దిగా ముందుకు తొక్కుతాడు. తిరిగి ఉన్న ముందు చక్రం ఎడమకు జరిగి శరీరం కిందికి చేరుతుంది. కుడికి ఒరిగితే వెనక్కి తొక్కుతాడు, చక్రం కుడికి జరుగుతుంది. అంటే రౌతు శరీరాన్ని నిలబెట్టడం లేదు, శరీరం ఎటు పడుతుంటే అటు ఆధారాన్ని జరుపుతున్నాడు. ఫ్రీవీల్ సైకిల్ మీద ఇందులో సగమే వీలవుతుంది. ముందుకు తొక్కగలడు, వెనక్కి తొక్కితే టిక్కుటిక్కు తప్ప ఏమీ రాదు. రోడ్డు ఏటవాలుగా ఉంటేనో, బ్రేకు సాయంతోనో ఎలాగో నెట్టుకురావాలి. ఫిక్స్‌డ్ గేర్ ఇచ్చేది వేగం కాదు, బలం కాదు. రెండువైపులా పట్టు.

ఇలా ఆధారాన్ని జరపడానికి వ్యవధి ఎంత ఉంటుంది? సైకిల్ మీద మనిషి గరిమనాభి నేలకు మీటరు పైచిలుకు ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తు నుంచి ఒరిగే వస్తువు ఒరుగుదల రెండున్నర రెట్లకు పైగా పెరగడానికి పట్టే సమయం సెకనులో దాదాపు మూడోవంతు. మనిషి చూసి స్పందించడానికి సెకనులో అయిదోవంతు పడుతుంది. తేడా చాలా తక్కువ, కానీ ఉంది. అరచేతిలో మీటరు కర్రను నిలబెట్టగలిగినవాడు పెన్సిల్‌ను నిలబెట్టలేకపోవడానికి కారణం ఈ లెక్కే. కర్రకు సెకనులో నాలుగోవంతు సమయం ఉంటుంది, పెన్సిల్‌కు పదోవంతే.

రాకెట్ గురించి మాట్లాడేటప్పుడు అందరూ ఈ కర్ర ఉదాహరణే ఎత్తుకుంటారు. అది సగమే సరైనది. కర్రను పడేసేది దాని బరువు. రాకెట్ విషయంలో ఇంజిన్ తోపు రాకెట్ నిలువు వెంటే పోతుంది, రాకెట్‌తోపాటు తానూ ఒరుగుతుంది. అందుకే బరువు ఒక్కటే దాన్ని తిప్పెయ్యలేదు. ఈ సంగతి తెలియక తొలి ద్రవ ఇంధన రాకెట్‌ను ఎగరేసిన రాబర్ట్ గొడ్డార్డ్ సైతం 1926 మార్చి 16న ఇంజిన్‌ను పైన పెట్టి, ఇంధన ట్యాంకులను దానికింద వేలాడదీశాడు. పైనుంచి లాగితే నిలకడగా పోతుందనుకున్నాడు. అలా పోలేదు. తర్వాతి రాకెట్లలో ఇంజిన్ కిందికి వచ్చేసింది. రాకెట్‌ను నిజంగా తిప్పేసేది గాలి. గాలి ఒత్తిడి అంతా కలిసి పనిచేసే చోటు గరిమనాభికి పైన ఉంటే, కొద్దిగా ఒరిగిన రాకెట్‌ను గాలి ఇంకా ఒరగదీస్తుంది. ఒరుగుదల పెరిగేకొద్దీ గాలి పట్టూ పెరుగుతుంది. సైకిల్‌కు బరువు చేసే పనిని ఇక్కడ గాలి చేస్తుంది. జరుగుతున్న ప్రమాదం మాత్రం ఒక్కటే: చిన్న తప్పు తనంతట తానే పెద్దదవుతుంది.

శ్రీహరికోట నుంచి ఎగిరే పీఎస్‌ఎల్‌వీ రాకెట్ 44 మీటర్ల పొడవు, 320 టన్నుల బరువు. దాని మొదటి దశలో ఘన ఇంధనం మండుతుంది. ఆ పెద్ద నాజిల్ అటూ ఇటూ కదలదు. మరి దిశ మార్చేదెలా? నాజిల్ గోడలోని రంధ్రాల ద్వారా స్ట్రాన్షియం పెర్‌క్లోరేట్ ద్రావణాన్ని ఒకవైపునుంచి లోపలికి చిమ్ముతారు. మంటల ప్రవాహం ఆ వైపు తట్టుకుని కొద్దిగా పక్కకు వంగుతుంది, తోపు దిశ మారుతుంది. రెండో దశలో వికాస్ ఇంజినే వంగుతుంది. ఎలా చేసినా రాకెట్ ముక్కును ఎవరూ పట్టుకోరు, తోకనే జరుపుతారు. ముక్కు కుడికి తిరగాలంటే తోక ఎడమకు పోవాలి. ట్రాక్ స్టాండ్‌లో తల కదలకుండా చక్రం జరిగినట్టే.

ఈ తిరకాసును సైకిల్ మీద ముందుగా పట్టుకున్నవాళ్ళలో విల్బర్ రైట్ ఒకడు. విమానం కట్టకముందు రైట్ అన్నదమ్ములది సైకిళ్ళ వ్యాపారం. ఎడమకు తిరగాలంటే హ్యాండిల్‌ను ఎటు తిప్పుతారని అడిగితే సైకిల్ తొక్కేవాళ్ళు దాదాపు అందరూ ఎడమకనే చెప్పేవారట. చేసేది మాత్రం అది కాదని అతను గమనించాడు. ముందు క్షణకాలం కుడికి తిప్పుతారు. చక్రాలు కుడికి జారి శరీరం ఎడమకు ఒరుగుతుంది. అప్పుడే ఎడమ మలుపు మొదలవుతుంది. ఇది నమ్మని పాఠకుడు ఖాళీ మైదానంలో హ్యాండిల్‌ను ఒక్క వేలితో తోసి చూడవచ్చు.

మలుపుల ప్రస్తావన వచ్చింది కాబట్టి శ్రీహరికోట మలుపు గురించీ చెప్పాలి. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాన్ని ఇక్కడినుంచి తిన్నగా దక్షిణానికి పంపడానికి లేదు. దారిలో శ్రీలంక ఉంది, రాలిపోయే దశలు జనం మీద పడకూడదు. అందుకని పీఎస్‌ఎల్‌వీ ముందు ఆగ్నేయంగా సముద్రం మీదికి పోయి, ఆపైన దక్షిణానికి వంగుతుంది. ఆ వంపుకు ఇంధనం ఖర్చవుతుంది, మోసే బరువు తగ్గుతుంది. తమిళనాడు కొసన కులశేఖరపట్నంలో చిన్న రాకెట్ల కోసం 2024 ఫిబ్రవరిలో రెండో ప్రయోగ కేంద్రానికి శంకుస్థాపన చేయడానికి ముఖ్యకారణం ఇదే.

పట్టు ఒక్క క్షణం తప్పితే ఏమవుతుందో శ్రీహరికోటకు బాగా తెలుసు. 1988 జూలై 13న ఏఎస్‌ఎల్‌వీ రెండో ప్రయోగం జరిగింది. ఆ రాకెట్‌కు పక్కన కట్టిన రెండు మోటార్లు ముందు మండుతాయి. అవి అయిపోయే వేళకు మధ్య మోటారు అంటుకోవాలి. ఆ రోజు పక్క మోటార్లు అనుకున్నదానికన్నా ముందే చల్లారాయి. మధ్య మోటారు తన సమయం ప్రకారమే అంటుకుంది. రెండింటి నడుమ చిన్న ఖాళీ ఏర్పడింది. తోపు లేనప్పుడు తోపు దిశ మార్చే యంత్రాంగానికి పనిలేదు. అదే సమయంలో గాలి ఒత్తిడి తీవ్రంగా ఉంది. రాకెట్ ఒరిగింది, ఆ ఒత్తిడికి విరిగిపోయింది. ఈ వైఫల్యాన్ని సైకిల్ భాషలో చెప్పాలంటే, సరిగ్గా అవసరమైన చోట ఫ్రీవీల్ జారింది. తర్వాతి రాకెట్లో మధ్య మోటారును గడియారం లెక్కన కాకుండా, పక్క మోటార్ల తోపు తగ్గడాన్ని గమనించి అంటించే ఏర్పాటు చేశారు. తోకకు రెక్కలూ బిగించారు. 1992 మే 20న ఆ ప్రయోగం ఫలించింది.

మళ్ళీ సైకిల్ దగ్గరికి వద్దాం. వెనక్కి తొక్కడం సంగతి వేరు. అది తెలియాలంటే ముందుకు పోయే సైకిల్ సంగతి ముందు చూడాలి. కదిలే సైకిల్ తనంతట తానే ఎందుకు నిలబడుతుందన్నది పాత చిక్కు. తిరిగే చక్రాల గైరోస్కోప్ గుణమే కారణమని పాఠ్యపుస్తకాలు చాలాకాలం రాశాయి. 1970లో డేవిడ్ జోన్స్ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త దీన్ని తేల్చడానికి ఎవరూ తొక్కలేని సైకిల్ తయారుచెయ్యాలని పూనుకున్నాడు. ముందు చక్రం పక్కన నేలకు తగలకుండా, ఎదురు దిశలో తిరిగే ఇంకో చక్రం పెట్టి గైరో ప్రభావాన్ని రద్దుచేశాడు. సైకిల్ హాయిగా నడిచింది! అతని దృష్టిలో అసలు కీలకం, ముందు చక్రం నేలను తాకే చోటు హ్యాండిల్ ఇరుసు రేఖకు కాస్త వెనక ఉండటం. 2011లో నెదర్లాండ్స్, అమెరికా పరిశోధకులు ఆ రెండూ లేని సైకిల్‌ను కట్టి, తోసి వదిలితే అది కూడా నిలబడుతుందని 'సైన్స్' పత్రికలో చూపించారు. బరువు ఎక్కడెక్కడ ఉంది, ఒరిగినప్పుడు హ్యాండిల్ ఎటు తిరుగుతుంది అన్నవి కూడా లెక్కలోకి వస్తాయట. వందేళ్ళ పైబడిన వాహనం గురించి శాస్త్రానికి ఇంత ఆలస్యంగా తెలియడం విచిత్రమే అయినా, సైకిల్‌కు ఒక్క కారణం వెతకడమే అసలు పొరపాటని ఇప్పుడు తెలుస్తోంది.

మామూలు సైకిల్‌కు ఆ కారణాలన్నీ ముందుకు పోయేటప్పుడే అనుకూలం. వెనక్కి పోయేటప్పుడు, వెనకబడి ఉండాల్సిన చక్రం ముందుపడుతుంది. హ్యాండిల్ తనంతట తాను సర్దుకోకపోగా, అడ్డం తిరగడానికి చూస్తుంది. ముందుకు పోయేటప్పుడు సైకిల్ చేసిపెట్టే పనిని ఇప్పుడు రౌతు చేతులే చెయ్యాలి. ఏళ్ళ తరబడి చేతులకు అలవాటైన చిన్న చిన్న సవరణలు ఇక్కడ తలకిందులవుతాయి. వెనక్కి వలయాలు తిరగడం నేర్చుకునేవాడు సైకిల్ కొత్తగా నేర్చుకునే పిల్లవాడిలాగే పడతాడు. ఫ్రీస్టైల్‌లో అన్నిటికన్నా ఆకట్టుకునేది మెట్లు దూకడం కావచ్చు, అన్నిటికన్నా కష్టపడి సంపాదించేది మాత్రం ఇదే.

చక్రాన్ని బిగబట్టి జారే స్కిడ్‌లో లెక్కల సరదా ఉంది. రౌతు బరువును ముందుకు వంచి వెనక చక్రం మీద భారం తగ్గిస్తాడు. పెడళ్ళను ఒక్కసారి బిగబడతాడు. వెనక చక్రం తిరగడం ఆగి, టైరు రోడ్డు మీద జారుతుంది. టైరు అరుగుతుంది కూడా. ఎక్కడ అరుగుతుంది? ప్రతివాడికీ బిగబట్టడానికి ఒక ఇష్టమైన భంగిమ ఉంటుంది, కుడికాలు ముందో ఎడమకాలు ముందో. పెడల్ ఎప్పుడూ ఒకే చోట ఆగితే, చక్రం ఎక్కడ ఆగుతుందన్నది పళ్ళ లెక్క మీద ఆధారపడుతుంది. ముందు పళ్ళచక్రానికి 48, వెనకదానికి 16 పళ్ళు ఉన్నాయనుకోండి. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం సరిగ్గా 3 చుట్లు తిరుగుతుంది. కాబట్టి స్కిడ్ చేసిన ప్రతిసారీ టైరులో అదే చోటు నేలకు రాసుకుంటుంది. కొత్త టైరుకు కూడా త్వరలోనే ఆ ఒక్క చోట బొక్క పడుతుంది. వెనక 17 పళ్ళు పెడితే? 48నీ 17నూ భాగించే సామాన్య సంఖ్య 1 తప్ప లేదు. టైరు చుట్టూ 17 చోట్ల అరుగుదల పంచుకుంటుంది. భిన్నాన్ని కనిష్ఠ రూపంలోకి తెచ్చి హారం చూస్తే చాలు. 46కు 16 అయితే 23/8, కాబట్టి 8 చోట్లు. రెండు కాళ్ళతోనూ మార్చిమార్చి స్కిడ్ చేసేవాడికి, లవం బేసి సంఖ్య అయితే ఈ చోట్లు రెట్టింపవుతాయి: 23/8కి 16. ఒక్క పన్ను తేడాతో టైరు ఆయుష్షు ఎన్నో రెట్లు మారుతుంది. గసాభా ఎందుకు పనికొస్తుందని అడిగే ఆరో తరగతి పిల్లలకు ఇంతకన్నా మంచి జవాబు దొరకదు.

అవే పళ్ళు దూకే చోటును కూడా నిర్ణయిస్తాయి. దూకాలంటే పెడళ్ళు రెండూ సమాంతరంగా ఉండాలి. 48, 16 పళ్ళ సైకిల్‌కు, చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు అనుకుంటే, పెడల్ ఒక చుట్టుకు 6.3 మీటర్లు సాగుతుంది. పెడళ్ళు సమాంతరంగా వచ్చేది 3.15 మీటర్లకు ఒకసారి. కావలసిన కాలు ముందుండాలంటే 6.3 మీటర్లకు ఒకసారే. మామూలు సైకిల్ మీదివాడు గట్టు దగ్గరికి వచ్చాక పెడల్ సర్దుకుంటాడు. ఫిక్స్‌డ్ గేర్ మీదివాడు నాలుగైదు చుట్ల ముందే లెక్కవేసుకుని రావాలి, తప్పితే ఆ దూకుడు వదిలేసి మళ్ళీ రావాలి. ఫ్రీస్టైల్ సైకిళ్ళకు గేరు ఇంకా తక్కువగా పెట్టుకోవడానికి ఇదొక కారణం. చుట్టుకు పోయే దూరం తగ్గితే అవకాశాలు దగ్గరదగ్గరగా వస్తాయి.

గాల్లోకి లేచాక కథ మారుతుంది. నేల లేదు కనుక ఘర్షణ లేదు, తొయ్యడానికి ఏదీ లేదు. అయినా వెనక చక్రం తిరుగుతోంది, దానికి కోణీయ ద్రవ్యవేగం ఉంది. పెడళ్ళను గాల్లో బిగబడితే చక్రం ఆగుతుంది. అందులోని తిరుగుడు ఎక్కడికీ పోదు, సైకిల్‌కూ మనిషికీ కలిపి సంక్రమిస్తుంది. ముక్కు కిందికి దిగుతుంది. వేగంగా తొక్కితే ముక్కు పైకి లేస్తుంది. ఎంత? ఉజ్జాయింపుగా లెక్కిద్దాం. రిమ్మూ టైరూ కలిపి కిలో బరువు, గంటకు 20 కిలోమీటర్ల వేగం అనుకుంటే చక్రం కోణీయ ద్రవ్యవేగం సుమారు 1.7 న్యూటన్-మీటర్-సెకన్లు. మనిషి బరువు చాలా ఎక్కువ కనుక అరసెకను గాల్లో ఉంటే ముక్కు అయిదారు డిగ్రీలు మాత్రమే దిగుతుంది. కొంచెమే. కానీ రెండు చక్రాలు ఒకేసారి నేలకు దిగాలా, ముందుది ముందు దిగి హ్యాండిల్ మీదుగా పడాలా అన్నది ఒక్కోసారి ఆ అయిదు డిగ్రీలే తేలుస్తాయి.

ఉపగ్రహాలు తిరిగేది ఇదే కిటుకుతో. లోపల ఒక చక్రాన్ని మోటారుతో ఒక దిశలో వేగం పెంచితే ఉపగ్రహం ఎదురు దిశలో తిరుగుతుంది. రియాక్షన్ వీల్ అంటారు. ఇంధనం అక్కర్లేదు, సౌరఫలకాల కరెంటు చాలు. 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-3 ల్యాండర్‌లో ఇవి నాలుగు ఉన్నాయి. ఒక్కోదాని సామర్థ్యం 10 న్యూటన్-మీటర్-సెకన్లు, అంటే పైన లెక్కవేసిన సైకిల్ చక్రానికి ఆరు రెట్లు. అంత చిన్న చక్రాలతో 1,750 కిలోల దరిదాపు బరువును తిప్పారు. అక్కడ గాలి లేదు, తొందర లేదు కనుక సరిపోయింది.

ఈ చక్రాలు చెడిపోతే? అమెరికా అంతరిక్ష టెలిస్కోపు కెప్లర్‌కు నాలుగు ఉండేవి. 2012లో ఒకటి, 2013 మేలో ఇంకొకటి ఆగిపోయాయి. మూడు అక్షాల చుట్టూ అదుపు కావాలంటే కనీసం మూడు చక్రాలు ఉండాలి. పని అయిపోయిందనుకున్నారు. అప్పుడు ఇంజినీర్లు ఒక ఉపాయం పన్నారు. సూర్యకాంతికి అతి స్వల్పమైన ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడి రెండు పక్కలా సమానంగా పడేటట్టు నౌకను తిప్పి పెట్టారు. అది నిలకడైన స్థితి కాదు, మెల్లగా ఒక పక్కకు ఒరుగుతుంది. సుమారు ఆరు గంటలకోసారి చిన్న థ్రస్టర్లతో సరిదిద్దుతూ వచ్చారు. సెకనులో మూడోవంతు వ్యవధిలో సైకిల్ మీద జరిగే ట్రాక్ స్టాండ్‌ను వాళ్ళు ఆరు గంటల వ్యవధిలో చేశారన్నమాట. 2014లో మొదలైన ఆ రెండో జీవితం ఇంధనం అయిపోయేదాకా, 2018 అక్టోబరు వరకు సాగింది.

ఇదంతా చెయ్యాలంటే ఎటు ఒరుగుతున్నామో తెలియాలి. మనిషికి చెవి లోపల ద్రవం నిండిన మూడు అర్ధచంద్ర నాళికలు ఆ పని చేస్తాయి. తల తిరిగితే ద్రవం వెనకబడి, అందులోని సన్నని రోమాలను వంచుతుంది. ఎక్కువసేపు గుండ్రంగా తిరిగి ఆగితే ద్రవం ఇంకా కదులుతూనే ఉంటుంది, అబద్ధం చెబుతుంది. అందుకే తూలుతాం. వలయాల విన్యాసాలు చేసేవాళ్ళు ఆ అబద్ధాన్ని గుర్తుపట్టి, చూపునూ పాదాల స్పర్శనూ ఎక్కువగా నమ్మడం సాధనతో నేర్చుకుంటారు. యంత్రానికి ఈ వివేకం ముందే రాసిపెట్టాలి. 2022 ఆగస్టు 7న శ్రీహరికోట నుంచి ఎగిరిన తొలి ఎస్‌ఎస్‌ఎల్‌వీ రాకెట్‌లో రెండో దశ విడిపోయేటప్పుడు వచ్చిన కుదుపుకు త్వరణమాపకాలు కొద్ది క్షణాలు తమ హద్దు దాటిపోయాయి. పనిముట్లు చెడిపోలేదు, కుదుపే ఎక్కువైంది. కానీ కంప్యూటర్ అవి చెడిపోయాయని తీర్మానించి వాటిని పక్కనపెట్టింది. ఉపగ్రహాలు 356 కిలోమీటర్ల గుండ్రటి కక్ష్యకు బదులు ఒక కొస 76 కిలోమీటర్లకు దిగే కక్ష్యలో పడ్డాయి. అంత కిందికి వస్తే వాతావరణం వదలదు. దేశంలోని ప్రభుత్వ పాఠశాలల బాలికలు 750 మంది పాలుపంచుకున్న ఆజాదీశాట్ కూడా అందులో పోయింది. సెన్సర్ల తీర్పు పద్ధతినీ, దశ విడిపోయే ఏర్పాటునూ మార్చాక 2023 ఫిబ్రవరి 10న రెండో ఎస్‌ఎస్‌ఎల్‌వీ సరైన కక్ష్య చేరింది.

చివరగా బ్రేకు మాట. ఫిక్స్‌డ్ గేర్‌వాళ్ళలో బ్రేకు బిగించుకోవడం చిన్నతనమని భావించేవాళ్ళున్నారు. హ్యాండిల్ చుట్టూ తిప్పే విన్యాసానికి బ్రేకు తీగ అడ్డమన్నది నిజమే, అది మైదానంలో మాట. రోడ్డు మీద లెక్క ఇలా ఉంటుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోతూ వెనక చక్రాన్ని మాత్రమే బిగబడితే, ఆగుతున్నకొద్దీ భారం ముందు చక్రం మీదికి పోయి వెనకదానికి నేల పట్టు తగ్గుతుంది. పొడి తారురోడ్డు మీద కూడా ఆగడానికి సుమారు 11 మీటర్లు పడుతుంది. ముందు బ్రేకును సైకిల్ తలకిందులు కాని మేరకు గరిష్ఠంగా వాడితే 5 మీటర్లు చాలు. మిగిలిన 6 మీటర్లలో ఒక లారీ పడుతుంది. సూళ్ళూరుపేట గుండా పోయే చెన్నై–కోల్‌కతా 16వ జాతీయ రహదారి మీద లారీలకు లోటు లేదు. ఈ విద్య నేర్చుకోవాలని ముచ్చటపడే కుర్రవాళ్ళారా, ఫ్రీవీల్ విప్పెయ్యండి, తప్పులేదు. ముందు బ్రేకు మాత్రం సైకిల్‌కే ఉంచండి, తలకు హెల్మెట్ పెట్టుకుని మైదానంలో సాధన చెయ్యండి.